టీనా టర్నర్ 44 ఏళ్లకి స్టార్ అయింది కదా, 38 ఏళ్లకి నేను రాక్ పాడటం మొదలుపెట్టొచ్చా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: అడిగినావిడ బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వయసు 38. చిన్నప్పుడు నెల్లూరులో కర్ణాటక సంగీతం నేర్చుకుని వర్ణాల దగ్గర ఆపేశారు. ఆఫీసులో స్నేహితులు రాక్ బ్యాండు పెడుతూ ఈవిడని పాడమంటున్నారు. గొంతు కాస్త లావు, బొంగురు. "టీనా టర్నర్ 44 ఏళ్లకి మొదలుపెట్టి అంత పెద్ద సింగర్ అయిందట. నాకు ఆలస్యమైనట్టా? ఆవిడ గొంతులో ఉండే ఆ జీర తెచ్చుకోవడం ఎలా?" అని అడుగుతున్నారు.

ఆలస్యం కాలేదండి. ఈ వారమే మొదలుపెట్టండి. కానీ టీనా టర్నర్ 44 ఏళ్లకి మొదలుపెట్టలేదు. అప్పటికి ఆవిడ స్టేజీ ఎక్కి పాతికేళ్లు దాటింది. ఈ తేడా పట్టించుకోకపోతే ఆవిడ కథ నుంచి తప్పు ధైర్యం తెచ్చుకుంటారు, ఆరు నెలలకే నీరుగారిపోతారు. జీర సంగతి వేరే. అది తెచ్చిపెట్టుకునేది కాదు, దాని గురించి కింద వివరంగా రాస్తాను.

నా గురించి ఒక్క మాట. బెంగళూరులో చాలా ఏళ్లు పబ్బుల్లో, కార్పొరేట్ షోల్లో పాడాను. ఇప్పుడు ఎక్కువగా ఉద్యోగాలు చేసుకునేవాళ్లకి వెస్టర్న్ వోకల్స్ నేర్పుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో తెలుగువాళ్లు బాగానే ఉంటారు. వాళ్లలో చాలామంది మీలాగే గీతాలు, వర్ణాలు నేర్చుకుని పదో తరగతి పరీక్షలకి వదిలేసినవాళ్లే. టీనా పేరు చెప్పుకుని వచ్చేవాళ్లూ తక్కువేం కాదు.

ముందు ఆ 44 ఏళ్ల కథ.

ఆవిడ అసలు పేరు ఆనా మే బులక్. 1939 నవంబర్ 26న అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో పుట్టి, నట్‌బుష్ అనే పత్తి చేల ఊళ్లో పెరిగింది. చిన్నప్పుడు చర్చిలో పాడేది. తరువాత సెయింట్ లూయిస్ చేరింది. అక్కడ ఐక్ టర్నర్ బ్యాండు వాయించే క్లబ్బులో, 1957లో ఒక రాత్రి, విరామంలో మైకు చేతికి దొరికితే బ్లూస్ గాయకుడు బి.బి. కింగ్ పాట ఒకటి అందుకుంది. అప్పుడు ఆవిడకి 17 ఏళ్లు. లెక్క అక్కడ మొదలవుతుంది.

1960లో 'ఎ ఫూల్ ఇన్ లవ్' పాట రికార్డింగుకి పాడాల్సిన మగ గాయకుడు రాలేదు. డెమో కోసం ఈవిడ చేత పాడించారు. కంపెనీవాళ్లకి ఆ గొంతే నచ్చింది, అదే రికార్డుగా వచ్చి హిట్ అయింది. ఆ సందర్భంలోనే ఐక్ 'టీనా టర్నర్' అనే పేరు పెట్టాడు. పెట్టి ఊరుకోలేదు, ఆ పేరుని ట్రేడ్‌మార్క్ కూడా చేయించుకున్నాడు. ఈవిడ వెళ్లిపోతే అదే పేరుతో ఇంకో అమ్మాయిని నిలబెట్టొచ్చని లెక్క. ఈ వివరం గుర్తుపెట్టుకోండి, డబ్బు దగ్గర మళ్లీ అవసరం పడుతుంది.

తరువాత పదహారేళ్లు ఊళ్లు తిరగడమే. 1966లో ఫిల్ స్పెక్టర్ అనే నిర్మాత తీసిన 'రివర్ డీప్, మౌంటెన్ హై' ఇంగ్లండు హిట్ పాటల జాబితాలో 3వ స్థానానికి వెళ్లింది, అమెరికాలో మాత్రం 88 దగ్గరే ఆగిపోయింది. ఆ ఏడాదే రోలింగ్ స్టోన్స్ అనే పెద్ద రాక్ బ్యాండుతో ఇంగ్లండు టూరు, 1969లో వాళ్లతోనే అమెరికా టూరు. (ఆ స్టోన్స్ 2003 ఏప్రిల్‌లో మన బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వానలో పాడారు. ఇక్కడి పాత బ్యాండ్లవాళ్లు ఇప్పటికీ ఆ రాత్రి గురించే చెప్పుకుంటారు.) 1971లో 'ప్రౌడ్ మేరీ' అమెరికాలో 4వ స్థానం, దానికి గ్రామీ. 1973లో 'నట్‌బుష్ సిటీ లిమిట్స్', తన ఊరి మీద తనే రాసుకున్న పాట.

ఐక్ ఆవిడని పెళ్లి కూడా చేసుకున్నాడు, ఈ కాలమంతా కొట్టేవాడు. 1976 జూలైలో డాలస్‌లో అతన్ని వదిలేసి, హైవే దాటి, ఎదురుగా ఉన్న హోటల్‌కి పరుగెత్తింది. చేతిలో 36 సెంట్లు, ఒక పెట్రోలు కార్డు. 1978లో విడాకులు పూర్తయ్యాయి. ఆస్తులు, పాటల డబ్బు వదులుకుని తన పేరు మాత్రం తనకి కావాలంది. ఎగ్గొట్టిన షోల అప్పులు ఆవిడ మీదే పడ్డాయి. టీవీ గేమ్ షోల్లో కనిపించింది, లాస్ వేగాస్ హోటళ్లలో భోజనాలు చేసేవాళ్ల ముందు పాడింది. ఆ రోజుల్లో తెచ్చిన రెండు సోలో ఆల్బమ్‌లని ఎవరూ పట్టించుకోలేదు.

ఇక్కడ నాదొక గట్టి అభిప్రాయం. "అంత బాధ పడింది కాబట్టే అంత గొప్పగా పాడింది" అని రాస్తుంటారు. నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. దెబ్బలు ఎవరికీ పాట నేర్పవు. 1960 రికార్డు వినండి, ఆ శక్తంతా అప్పటికే ఉంది. పాతికేళ్లు రాత్రి తరువాత రాత్రి జనం ముందు నిలబడటం వల్ల వచ్చింది మిగతాది.

ఆ తరువాత కలిసొచ్చినవి చూడండి. రోజర్ డేవీస్ అనే ఆస్ట్రేలియా మేనేజర్ దొరికాడు. వేగాస్ తళుకులు తీయించి రాక్ బ్యాండు పెట్టించాడు. ఇంగ్లండు రాక్ స్టార్ డేవిడ్ బోయీ తన రికార్డు కంపెనీ వాళ్లని న్యూయార్క్‌లో ఆవిడ షోకి తీసుకెళ్లాడు. 1983 చివర్లో 'లెట్స్ స్టే టుగెదర్' వచ్చింది, అది అల్ గ్రీన్ పాత పాట. ఇంగ్లండులో 6వ స్థానం. కంపెనీ హడావుడిగా ఆల్బమ్ అడిగింది, కొద్ది వారాల్లోనే 'ప్రైవేట్ డాన్సర్' తయారై 1984 మేలో విడుదలైంది. అందులో 'వాట్స్ లవ్ గాట్ టు డూ విత్ ఇట్' సెప్టెంబర్‌లో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లి మూడు వారాలు నిలిచింది. ఆ పాట ఆవిడకి మొదట అస్సలు నచ్చలేదు, బతిమాలి పాడించారు. మరుసటి ఏడాది మూడు గ్రామీలు. 1988 జనవరిలో రియో మరకానా స్టేడియంలో దాదాపు 1,80,000 మంది ముందు పాడింది. చివరి టూరు 2009లో, అప్పటికి 69 ఏళ్లు. 2023 మే 24న స్విట్జర్లాండ్‌లో కన్నుమూసింది.

కాబట్టి 44 ఏళ్లకి మారింది ఆవిడ గొంతు కాదు. పాటలు, వాటి స్థాయి (కీ, అంటే పాట నిలబడే శ్రుతి), చుట్టూ ఉన్న మనుషులు, సొంత నిర్ణయాలు. ఇవన్నీ 38 ఏళ్లకి మీ చేతిలో ఉన్నవే. లేనిది స్టేజీ గంటలు. మీరు సంపాదించుకోవాల్సింది ఆ గంటలే.

నిజంగా ఆలస్యంగా వెలుగులోకి వచ్చినవాళ్ల ఉదాహరణ కావాలంటే అమెరికా రాక్ గాయని డెబీ హ్యారీని చూడండి. బ్లాండీ బ్యాండు మొదటి ఆల్బమ్ వచ్చేనాటికి ఆవిడకి 31, మొదటి నంబర్ వన్ పాట నాటికి 33. ఆవిడకీ అంతకుముందు చిన్న చిన్న బ్యాండ్ల అనుభవం ఉందనుకోండి.

ఇక గొంతు, జీర. మీ గొంతు లావుగా ఉందని మీరు క్షమాపణ అడుగుతున్నట్టు రాశారు. ఎందుకండీ? మన ఇళ్లలో ఆడపిల్ల గొంతంటే సన్నగా, ఐదున్నర శ్రుతిలో తీగలా సాగాలని ఒక లెక్క స్థిరపడిపోయింది. ఉషా ఉతుప్‌ని బడిలో సంగీతం క్లాసుకి పనికిరాదని పంపేశారు. తరువాత ఆవిడ మద్రాసు మౌంట్ రోడ్డులో, సఫైర్ థియేటర్ కింద ఉన్న నైన్ జెమ్స్ అనే క్లబ్బులో చీర కట్టుకుని పాడి పేరు తెచ్చుకుంది. లావు గొంతుకి చోటు లేదనుకునేవాళ్లకి నేను ఆవిడ పేరే చెబుతాను.

రాక్‌లో కింది స్థాయి గొంతు ఒక వరం. టీనా పాటలు వరసగా వింటే తెలుస్తుంది. 1960 పాటలో పైన కేక మీద కేక. 1984 పాటలో చరణమంతా కింద, దాదాపు మాట్లాడుతున్నట్టు, పల్లవిలో కూడా అవసరమైనంతే లేపుతుంది. నా దృష్టిలో ఆవిడ గొప్పతనం ఆ కింది వరసల్లోనే ఉంది. కొత్తగా వచ్చేవాళ్లు మాత్రం కేకల్నే అనుకరిస్తారు.

జీర ఎలా పుడుతుందంటే, స్వరతంత్రులు శుభ్రంగా మోగుతూనే ఉండాలి, వాటి పైన ఉండే కండ మడతలు కొద్దిగా దగ్గరకి వచ్చి ఆ రాపిడి శబ్దాన్ని కలపాలి. అది చేతకాక తంత్రుల్నే ఒకదానికొకటి గుద్దిస్తే వారంలో గొంతు పోతుంది. మధ్యస్థాయి 'ఎ' స్వరం పాడేటప్పుడు ఆ తంత్రులు సెకనుకి 440 సార్లు కలుసుకుంటాయి. గంట సేపు బలవంతంగా గుద్దితే ఏమవుతుందో ఊహించుకోండి. మారతహళ్లి నుంచి ఒక స్కూలు టీచరు వచ్చేది, గుంటూరు అమ్మాయి. పగలంతా క్లాసులో అరుపు, సాయంత్రం యూట్యూబ్ చూసి జీర ప్రాక్టీసు. నా దగ్గరికి వచ్చేసరికి మాట్లాడుతుంటేనే గాలి పోతోంది. ముందు ఈఎన్‌టీ దగ్గరికి పంపాను, తంత్రుల మీద నాడ్యూల్స్ (చిన్న బొడిపెలు) అన్నారు. కొన్ని నెలలు స్పీచ్ థెరపీ చేశాక తగ్గింది, ఇప్పుడు పాడుతోంది, జీర లేకుండానే. మీకు బొంగురు చిన్నప్పటి నుంచి ఉంటే పరవాలేదు. ఈమధ్యే వచ్చి మూడు వారాలైనా తగ్గకపోతే పాట ఆపి ఈఎన్‌టీకి చూపించుకోండి. మిరియాల పాలు, కరక్కాయ అంటూ కూర్చోకండి.

మొదటి ఏడాది జీర జోలికి వెళ్లొద్దు. రోజూ పది నిమిషాలు నోరు మూసుకుని హమ్మింగ్, పెదాలు అదిరించడం, గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి బుడగలు వచ్చేలా స్వరం పట్టడం, ఇవి చాలు. చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది కానీ తంత్రుల మీద భారం తగ్గించడానికి ఇంతకన్నా మంచిది నేను చూడలేదు. షో అయ్యాక అర్ధరాత్రి బిర్యానీ తిని పడుకునే అలవాటు బెంగళూరు బ్యాండ్లలో అందరికీ ఉంది. పులితేనుపు గొంతు దాకా వచ్చి పొద్దున్నే బొంగురు పెడుతుంది, అది జీర అని సంబరపడకండి.

కర్ణాటక సంగీతం అడ్డమా, అండా? రెండూను. శ్రుతి పట్టు, మూడు కాలాల్లో పాడిన అలవాటు, అకార సాధన, ఇవన్నీ మీకు ఉచితంగా వచ్చిన ఆస్తి. శ్రుతి తప్పిన చోట మీకే తెలుస్తుంది, మీ గిటారిస్టుకి తెలియకపోవచ్చు.

అడ్డం పడేవి మూడు. మొదటిది తాళం. ఆది తాళంలో మన చెయ్యి మొదటి దెబ్బ మీద, సమం మీద బరువుగా పడుతుంది. రాక్‌లో నాలుగు దెబ్బల లెక్కలో స్నేర్ డ్రమ్ము 2, 4 దెబ్బల మీద మోగుతుంది. మన వర్ణం పిల్లలు డ్రమ్ము వినగానే తెలియకుండానే 1, 3 మీద తొడ కొడతారు, పాట పరుగెత్తుతుంది. కొన్నాళ్లు పాడకుండా, 'ప్రౌడ్ మేరీ' రెండో భాగం పెట్టుకుని 2, 4 మీద చప్పట్లు మాత్రం కొట్టండి. ఆ పాట నెమ్మదిగా మొదలై సగంలో ఒక్కసారిగా వేగం అందుకుంటుంది, చప్పట్లకి మంచి పరీక్ష.

రెండోది గమకం. ప్రతి స్వరం చివర చిన్న ఊపు వచ్చేస్తుంది. రాక్‌లోనూ జారుడు ఉంటుంది, కానీ పదం చివర స్వరాన్ని నిటారుగా పట్టి, తరువాత వదలాలి. మాట్లాడినట్టు ఒకసారి పదాలు చదివి, అదే విరుపుతో పాడితే సగం ఊపు పోతుంది.

మూడోది మీ శ్రుతి. మన పద్ధతిలో ఒకసారి శ్రుతి స్థిరపడితే ఏ కృతైనా దాంట్లోనే. రాక్‌లో ప్రతి పాటకీ దాని స్థాయి వేరు, దాన్ని మీ గొంతుకి తగ్గట్టు మార్చమని అడగడం మీ హక్కు. గిటారిస్టులు గొణుగుతారు. రికార్డులో ఉన్న స్థాయిలోనే వాయించడం వాళ్లకి సులువు. తగ్గొద్దు. పాటలో అన్నింటికన్నా పైన ఉండే స్వరం మీకు వరసగా మూడుసార్లు హాయిగా పలకాలి. పలక్కపోతే రెండు మెట్లు దించమనండి.

బెంగళూరులో పని ఎలా మొదలవుతుందంటే. జామ్ రూములు గంటల లెక్కన అద్దెకి దొరుకుతాయి. వైట్‌ఫీల్డ్ నుంచి కోరమంగళకి పనిరోజు సాయంత్రం బయల్దేరితే గొంతు కన్నా ముందు ఓపిక పోతుంది, శనివారం పొద్దున పెట్టుకోండి. మైకుని పెదాలకి దగ్గరగా పట్టుకోవడం అలవాటు చేసుకోండి, దూరంగా పట్టుకుని అరిచేవాళ్లే ఎక్కువ. ముఖ్యంగా మీ గొంతు మీకు వినిపించే మానిటర్ సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. డ్రమ్ముల మీద గెలవాలని అరిచి గొంతు పోగొట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను. వాళ్లకి కావాల్సింది పెద్ద గొంతు కాదు, సౌండతనితో రెండు ముక్కలు మాట్లాడటం.

స్టేజీ గంటల కోసం పబ్బుదాకా ఆగక్కర్లేదు. అపార్ట్‌మెంట్ వినాయక చవితి, ఉగాది కార్యక్రమం, ఆఫీసు వార్షికోత్సవం, ఓపెన్ మైక్, ఏది దొరికితే అది. నా దగ్గర నేర్చుకున్న ఒక చిత్తూరావిడ యాభై దాటాక మొదలుపెట్టింది. మొదటి షో తన అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్‌లో, ఎదురుగా చిప్స్ తింటున్న పిల్లలు. వాళ్లు లేచి వెళ్లకుండా ఒక పాట పూర్తి చేయడమే పరీక్ష అనుకుంది. టీనా వేగాస్‌లో చేసింది కూడా దాదాపు ఇదే, ప్లేట్ల చప్పుడు మధ్య పాడటం. ఆ ఏళ్లని జీవిత చరిత్రలు వైఫల్యం కింద రాస్తాయి. నేనైతే ఒప్పుకోను, ఆ తరువాత ఆల్బమ్ అంత తొందరగా పూర్తయిందంటే ఆ రాత్రుల వల్లే.

డబ్బు, పేరు. ఐక్ చేసిన ట్రేడ్‌మార్క్ పని గుర్తుందిగా. ఆఫీసు స్నేహితుల బ్యాండే కావచ్చు, బ్యాండు పేరు ఎవరిది, వీడియోలు ఎవరి ఛానెల్‌లో పెడతారు, షో డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది అన్నవి మొదటి షోకి ముందే మాట్లాడేసుకోండి. మీ వాటా నేరుగా మీ యూపీఐకి రావాలి. ఇక్కడి ఒక బ్యాండులో నాకు మూడు షోల డబ్బు నెలల తరబడి రాలేదు, అడిగితే "ఫ్యామిలీలా ఉన్నాం కదా" అన్నారు. అప్పటి నుంచి ఫ్యామిలీ అనే మాట వినబడితే ముందు అడ్వాన్సు అడుగుతున్నాను.

వయసు గురించి టెన్షన్ మిగిలి ఉంటే ఇంకొక్కటి. ఆడవాళ్ల గొంతు నెలసరి ఆగిపోయే వయసులో హార్మోన్ల మార్పు వల్ల కొంచెం దిగుతుంది. శాస్త్రీయ సంగీతం పాడేవాళ్లకి అది కష్టం. రాక్ పాడేవాళ్లకి పాట స్థాయి దించుకుంటే సరిపోతుంది. మీకు అది ఇంకా దూరం.

మొదటి పాటగా కేకల పాట ఎంచుకోకండి. 'లెట్స్ స్టే టుగెదర్' తీసుకోండి, టీనా పాడింది ఒకసారి, అల్ గ్రీన్ 1971లో పాడింది ఒకసారి వినండి. ఒకే పాటని ఇద్దరూ వేర్వేరు గొంతులకి ఎలా కుట్టుకున్నారో తెలుస్తుంది. తరువాత కీబోర్డో గిటారో పట్టుకున్న ఒక్కరితోనే, డ్రమ్ములు లేకుండా, మీ స్థాయిలో పాడి ఫోన్‌లో రికార్డు చేయండి. ఏ స్థాయిలో పాడారో, పై స్వరం దగ్గర గొంతు బిగిసిందో లేదో కింద రాస్తే, రెండో పాట ఏది తీసుకోవాలో చెబుతాను.